నాన్న కోసం కట్టిన ఇల్లు అమ్మేద్దామంటే చెల్లి ఒప్పుకోవట్లేదు, నేను స్వార్థపరుడినా?

బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకాయన చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి నా మాటల్లో చెప్తాను.

ఆయనకి 42 ఏళ్లు. సొంతూరు కోనసీమ, అమలాపురం నుంచి ఒక పదిహేను కిలోమీటర్లు లోపలికి. కాలవ గట్టు, కొబ్బరితోటలు, రాత్రి ఏడు దాటితే వీధిలో మనిషి అలికిడి ఉండదట. నాన్నగారి కోరిక మీద తాతగారి నాటి పెంకుటిల్లు పడగొట్టి అదే ఎనిమిది సెంట్లలో స్లాబు ఇల్లు కట్టించారు, టేకు గుమ్మాలు, గ్రానైటు, పైన ఒక గది, చుట్టూ కాంపౌండు గోడ, మొత్తం 46 లక్షలు తేలింది. అందులో 26 లక్షలు బెంగళూరు ఫ్లాటు మీద తీసుకున్న టాపప్ లోను. పోయినేడాది ఫిబ్రవరిలో గృహప్రవేశం చేశారు, ఆగస్టులో నాన్నగారు పోయారు. అదీ ధనిష్ఠా పంచకంలో, చావుకి దోషం అంటారే, ఆ ఐదు నక్షత్రాల్లో. పంతులుగారు ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలన్నారు, మూసేశారు, అమ్మగారిని చెల్లెలు కాకినాడ తీసుకెళ్లింది. ఆరు నెలలు అయిపోయాయి, ఏడాది అయిపోయింది, సంవత్సరీకం కూడా కాకినాడలోనే పెట్టేశారు, ఇంటి తాళం మాత్రం ఎవరూ తియ్యలేదు.

ఇప్పుడు పక్కింట్లో ఉండే బాబాయిగారి అబ్బాయి 28 లక్షలకి అడుగుతున్నాడు. 12 రిజిస్ట్రేషన్ కాగితం మీద, 16 నగదుగా చేతికి. "అచ్చిరాని ఇల్లు అన్నయ్యా, బయటివాళ్లు ఎవరూ కొనరు, నేను కాబట్టి అడుగుతున్నా" అన్నాడట. బయటివాళ్లకి అమ్మితే వీధిలోంచి ఇంటికొచ్చే దారి మాదే, గోడ కట్టేస్తాం అని కూడా అన్నాడట. చెల్లెలు ఫోన్లో ఏడుస్తోంది, ఆ ఇల్లు అమ్మేస్తే నాకు పుట్టిల్లేదీ అని. ఆవిడ భర్త మాత్రం అమ్మితే మా వాటా సంగతేంటని అడిగాడు. భార్యేమో నెలకి 33 వేలు ఈఎంఐ కడుతూ ఎవరూ ఉండని ఇంటిని ఎన్నాళ్లు మోస్తాం అంటోంది. "చెల్లి పెళ్లికి ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాం, ఇంటికి ఒక్క రూపాయి పెట్టలేదు, ఇప్పుడు వాటా అంటే ఎలా? అమ్ముదామంటే నాన్నకి ద్రోహం చేస్తున్నట్టు ఉంది. నేను స్వార్థపరుడినా? అమ్మమంటారా వద్దంటారా ఒక్క మాట చెప్పండి" అని ముగించారు.

సమాధానం:

మీరు స్వార్థపరులు కాదు. ఆ ప్రశ్నకి ఇంతకంటే అవసరం లేదు, తండ్రి మాట మీద అప్పు చేసి ఇల్లు కట్టినవాడు, ఆ అప్పు బరువై అమ్మాలనుకుంటే అందులో ద్రోహం ఏముందండి. కానీ మీరు అమ్మాలా వద్దా అని అడుగుతున్నారు చూడండి, అసలు ఆ ఇల్లు మీరొక్కరే అమ్మగలరా అన్నది ముందు చూడాలి, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో "నా ఇల్లు" అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది, నేను లెక్కపెట్టాను.

స్థలం తాతగారిది. నాన్నగారు వీలునామా రాయలేదని మీరే రాశారు. డబ్బు ఎవరు పెట్టినా ఇల్లు ఆ స్థలం మీద ఉంది, రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి స్థలం అక్కర్లేదు ఇల్లొక్కటే అమ్ముతానంటే కుదరదు కదా. ఆ స్థలం తాతగారి నుంచి నాన్నగారికి ఎప్పుడు, ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి లెక్క రెండు రకాలుగా వస్తుంది. ఉమ్మడి ఆస్తి అనుకుంటే తొమ్మిది వంతుల్లో మీకు నాలుగు, చెల్లికి నాలుగు, అమ్మగారికి ఒకటి. నాన్నగారి సొంత ఆస్తి కింద చూస్తే ముగ్గురికీ తలా మూడో వంతు. మీ కాగితాలు చూసి ఏ లెక్కో లాయరు చెప్పాలి. ఏ లెక్కయినా చెల్లి సంతకం, అమ్మగారి సంతకం లేకుండా ఆ ఇల్లు పూర్తిగా ఎవరి పేరుకీ మారదు.

పెళ్లికి ఇచ్చింది వాటా కింద చెల్లిపోయింది అని చాలామంది అన్నదమ్ములు నిజంగానే నమ్ముతారు, మిమ్మల్ని తప్పుపట్టట్లేదు. కానీ మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లి కానివాళ్లకి. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్లయినవాళ్లకి కూడా వచ్చింది, 2005 నాటికి తండ్రి బతికుండాలా అన్న సందేహం మిగిలితే 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అదీ అక్కర్లేదని తేల్చేసింది. మీ నాన్నగారు పోయింది పోయినేడాదే కాబట్టి మీ విషయంలో ఆ సందేహం కూడా లేదు. కట్నం వేరు, వాటా వేరు.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఉత్తరంలో ప్రతి ఇటుక ఖర్చూ రాశారు గానీ ఈ లెక్క మాత్రం వెయ్యలేదు. 28 లక్షలు వచ్చాయనుకోండి. మూడో వంతు అయితే మీ చేతికి వచ్చేది 9 లక్షల 33 వేలు, తొమ్మిదింట నాలుగైతే 12 లక్షల 44 వేలు. మీరు చెప్పిన ఈఎంఐని బట్టి చూస్తే బ్యాంకుకి ఇంకా 22 లక్షలకి పైనే బాకీ ఉంటుంది. అంటే ఇల్లు పోతుంది, పుట్టిల్లు పోయిందని చెల్లి మాట్లాడ్డం మానేస్తుంది, ఈఎంఐ మాత్రం పోదు! మీరు అమ్మాలనుకుంటోందే ఆ ఈఎంఐ కోసం. అందుకని అమ్మకం కంటే ముందు చెల్లితోనూ అమ్మగారితోనూ ఒక మాట తేలాలి, కట్టుబడి ఖర్చు మీది, వచ్చిన దాంట్లో ముందు బ్యాంకు బాకీ తీర్చి మిగిలింది పంచుకుందాం అని, లేదా చెల్లికి ఇంత అని ఒక అంకె. ఏదైనా సరే కాగితం మీద పెట్టుకోండి. ఫోన్లో అనుకున్న మాట రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నకి మారిపోతుంది, చాలా ఇళ్లల్లో చూశాను.

ఇక ఆ 12, 16 సంగతి. కాగితం మీద తక్కువ చూపిస్తే కొనే ఆయనకి రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది, మన దగ్గర స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, 16 లక్షల మీద అది 1 లక్షా 20 వేలు. ఆ లాభం ఆయనది. మీకొచ్చేది సంచిలో 16 లక్షలు. మీరు పెట్టింది జీతం డబ్బు, బ్యాంకు లోను డబ్బు, ప్రతి పైసాకీ లెక్కుంది, అలాంటి డబ్బుని మీ అంతట మీరే లెక్కలేని డబ్బుగా మార్చుకోవడం ఎందుకండి? ఆ నోట్లు పట్టుకెళ్లి లోను ఎలా కడతారు? పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ వెయ్యొచ్చు. ఊళ్లో అందరూ అలాగే చేస్తారు అంటారు, నిజమే, చేస్తారు. మీకు ఫ్లాటు ఉంది, ఐటీ రిటర్నులు ఉన్నాయి, మీరు ఊళ్లో అందరిలాంటి వాళ్లు కాదు. అన్నట్టు ఇంటి మీద నష్టమే కదా పన్ను ఎందుకుంటుంది అనుకోకండి, స్థలానికి విడిగా లెక్క వేస్తారు, నాన్నగారి దగ్గర ఉన్న కాలం కూడా అందులో కలుస్తుంది, కట్టుబడి బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి ఒకసారి సీఏకి చూపించండి.

బాబాయిగారి అబ్బాయి గురించి. ఆయన చెడ్డవాడని నేననను, పక్కనున్న స్థలం కలుపుకోవాలని ఎవరికుండదు. కానీ ఆయన మాటలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎవరూ కొనరు అంటున్నాడు, ఎవరికైనా అమ్మితే దారి మూసేస్తా అంటున్నాడు. ఎవరూ కొనని ఇంటికి దారి మూసే పనేముంది? తాతగారు పోయాక పెద్దమనుషులు కూర్చుని రాసిన పంపకాల కాగితం మీ దగ్గరుందన్నారు, రిజిస్టరు కాలేదన్నారు. అది తీసుకుని అమలాపురంలో మంచి సివిల్ లాయరు దగ్గరికెళ్లండి. ఇరవై ఏళ్లకి పైగా అడ్డూ ఆపూ లేకుండా మీ హక్కుగా నడిచిన దారి అయితే దాన్ని మూసెయ్యడం అంత తేలిక కాదు, చట్టం మీ పక్కన ఉండే అవకాశం ఎక్కువ. అయినా కోర్టుకెళ్లమని చెప్పట్లేదు, ఆ తగువు తేలేలోపు మీ ఈఎంఐ కూడా తీరిపోతుంది. లాయరుతో మాట్లాడి వచ్చి, బాబాయిగారు ఉన్నారు కదా, ఆయన్ని కూర్చోబెట్టి కొలతలేయించి, దారి ఇద్దరిదీ అని ఒక రిజిస్టర్డు కాగితం రాయించుకోండి. ఆ ఒక్క కాగితం ఉంటే మీ ఇంటి రేటు మారిపోతుంది. ఇంకోటి, జ్ఞాతిని కాబట్టి ముందు నాకే అమ్మాలి అంటాడేమో, అలాంటి హక్కు ఆయనకేం లేదు. వారసుల్లో ఒకరు తన వాటా అమ్ముకుంటుంటే ముందు మేం కొంటాం అనే హక్కు తోటి వారసులకి ఉంది, అంటే మీ చెల్లికి, అమ్మగారికి.

కాగితాల సంగతి ఇంకొంచెం. ఊరి మధ్యలో ఇల్లు కాబట్టి గ్రామకంఠమే, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉంచిన స్థలమే అయ్యుంటుంది, వీటికి చాలావరకు పాత డాక్యుమెంటు ఉండదు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులే ఆధారం. అందుకే బ్యాంకులు లోను ఇవ్వడానికి వెనకాడతాయి, మీరు ఫ్లాటు మీద తీసుకున్నదీ అందుకే కదా. మీ దగ్గర కొనేవాడికీ అదే ఇబ్బంది, రొక్కం ఉన్నవాడే కొనాలి, అందుకే రేటు అంత తక్కువ. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఊళ్లు కొలిచి ఇళ్లకి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు, మీ ఊళ్లో ఆ పని ఎంతవరకు వచ్చిందో, మీ ఇంటికి ఎవరి పేరు రాశారో గ్రామ సచివాలయంలో కనుక్కోండి. ఏడాది పైగా తాళం వేసున్న ఇల్లు, పక్కనే ఉండే ఆయన కొలతలప్పుడు ఏం చెప్పాడో మీకు తెలీదు. అలాగే తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని ఇంటిపన్ను, కరెంటు మీటరు నాన్నగారి పేరు నుంచి మార్పించండి. అమ్మినా ఉంచుకున్నా ఇవి చెయ్యాల్సిందే.

ఇవన్నీ పక్కన పెడితే నాకు ఆ తాళం దగ్గరే ఆలోచన ఆగిపోయింది. ధనిష్ఠా పంచకం మీద నమ్మకం ఉందా లేదా అనే గొడవలోకి నేను వెళ్లను, పాటించారు, మంచిదే, అమ్మగారి మనసు కుదుటపడింది. కానీ పంతులుగారు చెప్పింది ఆరు నెలలు. ఆరు నెలలు మూసి, తర్వాత శాంతి చేయించుకుని తలుపులు తీసి మళ్లీ దీపం పెట్టుకోమని. మీరు మొదటి సగమే చేశారు, రెండో సగం చెయ్యలేదు. ఊరి దృష్టిలో ఆ ఇల్లు ఇంకా మైలలోనే ఉంది, అందుకే అచ్చిరాని ఇల్లు అన్న మాట పుట్టింది, ఆ మాట మీదే మీ తమ్ముడు బేరం మొదలెట్టాడు. మీకూ అంతే, ఆ ఇంట్లో మీకు ఆఖరి జ్ఞాపకం నాన్నగారిని వీధి అరుగు మీద పడుకోబెట్టడం, ఆ తర్వాత ఏమీ లేదు. అలాంటి జ్ఞాపకంతో అమ్మితే మనసు పీకుతుంది, అదే జ్ఞాపకంతో ఉంచుకున్నా పీకుతుంది.

అందుకని నేనైతే సంక్రాంతికి వెళ్లి ఇల్లు తెరుస్తాను. సున్నం వేయించి, శాంతి హోమమో సత్యనారాయణ వ్రతమో మీకు ఏది ఆనవాయితీ అయితే అది చేసుకుని, మీరూ పిల్లలూ చెల్లి కుటుంబం అమ్మగారు అందరూ ఒక పది రోజులు ఆ ఇంట్లో ఉండండి, పొయ్యి వెలిగించండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎలాగూ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా వస్తారు, కువైట్ నుంచి, హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు కూడా. కోనసీమలో ఇంటి బేరాలు నడిచేది ఆ వారం రోజుల్లోనే, మీకు నేను చెప్పాలా. కొనగలిగినవాళ్లు ఊళ్లో ఉండేది అప్పుడే, ఇంట్లో లైట్లు వెలుగుతూ పిల్లలు ఆడుతూ ఉంటే ఇల్లు చూసే కళ్లే వేరు. తాళం వేసిన ఇంటికి 28 అన్నవాళ్లే తెరిచిన ఇంటికి ఎంతంటారో చూద్దాం. అయితే 46 వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఊళ్లో రేటు స్థలానికే గానీ టేకు గుమ్మాలకి కాదు, గ్రానైటు మీ ముచ్చట, కొనేవాడిది కాదు. కొనేవాడి వాస్తు వేరు, వంటింటి గోడ ఒకటి పడగొడదామని చూస్తూనే అడుగుతాడు.

ఈలోపు ఇంకో పని, అమ్మగారిని అడగడం. అంత పెద్ద ఉత్తరంలో ఆవిడ గురించి రెండే వాక్యాలు, "అమ్మ ఏమీ మాట్లాడదు, మీ ఇష్టం అంటుంది" అని. మన అమ్మలు మీ ఇష్టం అంటే ఒప్పుకున్నట్టు కాదండి, అడిగింది సరిగ్గా అడగలేదని. మా పెద్దమ్మ కూడా ఇలాగే, కొత్తిల్లు కట్టించాక ఊళ్లో ఉండనని కొడుకు దగ్గరికెళ్లిపోయింది, అందరం ఒంటరిగా భయమేమో అనుకున్నాం. చాలా రోజులకి చెప్పింది, పాతింట్లో అరుగు మీద కూర్చుంటే దారినపోయే ప్రతివాళ్లూ పలకరించేవాళ్లు, మీరు ఆరడుగుల గోడ కట్టి గేటు పెట్టాక బిచ్చగాడు కూడా పిలవట్లేదు అని. ఆ తర్వాత గోడ ముందువైపు నడుం ఎత్తుకి కొట్టించి బయట రెండు సిమెంటు బల్లలు వేయించారు, అంతే, ఆవిడ మళ్లీ వచ్చి ఏడేళ్లు ఉంది. మీ అమ్మగారిది అదే అని కాదు, ఆవిడకి ఆ ఇల్లే వద్దేమో, కాకినాడలో మనవలతోనే బావుందేమో. ఇల్లు అమ్మాలా అని అడక్కండి, ఆవిడ చెప్పదు. రాత్రిళ్లు ఎక్కడ నిద్ర పడుతోంది, పండక్కి ఎక్కడుండాలనుంది, కింద గదిలో ఎవరైనా అద్దెకుంటే తోడుగా అనిపిస్తుందా, ఇలా చిన్నచిన్నవి అడగండి.

ఆవిడ ఉంటానంటే లెక్క వేరుగా వెయ్యాలి. కింద వాటాలో ఒక వైపు సచివాలయం ఉద్యోగులకో, హైస్కూలు టీచరు కుటుంబానికో, బ్యాంకులో పనిచేసేవాళ్లకో ఇవ్వొచ్చు, పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని. మీ ఊళ్లాంటి చోట ఐదారు వేలు వస్తే గొప్ప, ఈఎంఐలో ఐదో వంతు కూడా రాదు, డబ్బు కోసమైతే ఇది పనికిరాదు. కానీ ఇల్లు పాడవదు, అమ్మగారికి తోడుంటుంది, రెండు మూడేళ్లు ఆగి కాగితాలన్నీ సరయ్యాక అమ్ముకునే వీలు మీ చేతిలో ఉంటుంది. ఆ రెండు మూడేళ్లూ ఈఎంఐ మీ మీదే, మీ ఆవిడతో కూర్చుని ఇది మొయ్యగలమా అని నిజాయితీగా మాట్లాడుకోండి, ఆవిడ చెప్పింది కూడా న్యాయమే, ఆవిడేం మీ నాన్నగారికి వ్యతిరేకంగా చెప్పట్లేదు. మొయ్యలేం అనుకుంటే అమ్మెయ్యండి, 28కే అయినా, మొత్తం చెక్కు రూపంలో, ముగ్గురి సంతకాలతో. అది ఓడిపోవడమేం కాదు.

ఇలాగే తాళం వేసి ఇంకో రెండేళ్లు వదిలెయ్యడం మాత్రం అన్నిటికంటే ఖరీదైనది. సముద్రపు గాలికి గ్రిల్సు తుప్పు పడతాయి, టేకు గుమ్మాలకి కాదుగానీ లోపల అలమరాలకి చెదలు పడుతుంది, ఒక్క తుఫాను వానకి స్లాబు మీద నీళ్లు నిలిచినా తీసేవాడుండడు.

చెల్లి విషయంలో ఒక్కటి చెప్పాలని ఉంది. ఆవిడ పుట్టిల్లు అంది, ఆవిడ భర్త వాటా అన్నాడు, మీరు రెండూ ఒకటే అనుకుని కోపం తెచ్చుకున్నారు. ఆవిడకి కావాల్సింది ఆ గోడలు కాకపోవచ్చు, అన్నయ్య పండక్కి రమ్మని పిలిచే ఒక ఇల్లు. అది బెంగళూరులో మీ ఫ్లాటు కూడా అవ్వచ్చు. ఈ మధ్య ఆవిడని ఎప్పుడు పిలిచారు? వాటా మాట ఆయనతో విడిగా, లాయరు ముందు మాట్లాడుకోండి, ఆవిడతో ఫోన్లో డబ్బు మాట ఎత్తకండి. ఆవిడే కొనుక్కుంటానంటే కూడా ఆశ్చర్యపోకండి, కాకినాడ నుంచి మీ ఊరు ఎంత దూరమని.

ఒక చిన్న విషయం. తాళంచెవి ఎవరి దగ్గరుందో మీరు రాయలేదు. పక్కింట్లో ఇచ్చి వచ్చుంటే, సంక్రాంతి దాకా ఆగకుండా వచ్చే శనివారమే వెళ్లి తెచ్చుకోండి, వెళ్లినప్పుడు ఆ బోరు మోటారు కూడా ఒకసారి వేసి చూడండి, ఏడాదిగా తిరక్కపోతే పట్టేసి ఉంటుంది.